కొల్లేరు: డెల్టా రైతునకు వరదపాత్ర

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ నేల పల్లమై పళ్లెము వలె నున్నది. ఆ పల్లమే కొల్లేరు. ఎగువ మెట్టల నుండి బుడమేరు, తమ్మిలేరు వచ్చి అందులో కలియును. డెల్టా పొలముల మురుగు కాలువలు అనేకము అందులోనికే దిగును. ఇన్ని దారుల వచ్చిన నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే మార్గము. దాని పొడవు సుమారు 60 కిలోమీటర్లు.

సముద్రము పోటు మీద నున్నపుడు ఉప్పుటేరు నీటిని సరిగా లాగదు. అట్టి సమయమున వరదను కొన్ని దినములు తనలో నిలుపుకొని, మెల్లగా క్రిందికి విడుచుట కొల్లేరు చేయు పని. నీరు పరచుకొనుటకు చోటున్నప్పుడే ఇది సాధ్యము. గాదెలో అడ్డుగోడలు పెట్టి సగము మూసివేసినచో మిగిలిన ధాన్యము వాకిట పోయవలసినదే. కొల్లేరులో గట్లు వేసినచో నిలువ చోటులేని వరద పైనున్న సార్వా చేలలోనికి ఎగదన్నును. దినముల తరబడి మునిగిన నాట్లు కుళ్లిపోవును.

వేసవిలో మరియొక మేలు గలదు. సరస్సులో మంచినీరు తగినంత యున్నపుడు ఉప్పునీరు ఉప్పుటేటి వెంట పైకి రాలేదు. మట్టము పడిపోయినచో ఉప్పు ఎగబాకి, పరిసర భూములను చౌడు చేయును.

పూర్వము వానకాలమున చేపల వేట, నీరు తీసిన తరువాత వరిసాగు ఇచ్చటి జీవనము. 1970 దశకమున చేపల చెరువులు ప్రవేశించి, తరువాత విస్తారముగా పెరిగినవి. 1999లో అయిదవ కాంటూరు వరకు, అనగా సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తువరకు గల 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వము పక్షుల అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ రామ్‌సార్ జాబితాలో చేరినది. 2006లో అభయారణ్యములోని చెరువుగట్లను తొలగించిరి. అందువలన బ్రతుకుతెరువు పోయినవారును గలరు. పట్టాభూములు గల చిన్నరైతుల కష్టము న్యాయముగా తీరవలసినదే. అయితే గట్టు వేసినవాని లాభము ఒకరిది, దానివలన మునుగు చేలు పదిమందివి అను సంగతి మరువరాదు.

కొల్లేరునకు దూరముగా నున్న రైతునకును ఇందు పాలు గలదు. చేనిలో ఎక్కువై కొట్టుకొనిపోయిన యూరియా మురుగు కాలువల వెంట సరస్సు చేరి గుర్రపుడెక్కను పెంచును. ఆ కలుపు కాలువలను పూడ్చి, నీటిని మరల మన చేల మీదికే త్రోయును. కావున ఈ క్రింది విషయములు పాటింపవలెను:

1. వరికి యూరియా వేయునపుడు నీరు తీసివేసి, బురదపదునులో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత నీరు పెట్టుడు.

2. పురుగుమందు డబ్బాలను, పంపులను మురుగు కాలువలలో కడుగకుడు.

3. తొలకరికి ముందే కాలువలలోని గుర్రపుడెక్క, తూడు తీసి గట్టునకు దూరముగా వేయుడు. గట్టుమీదనే వదిలిన తూడు మొదటి వానకు మరల కాలువలో పడును.

4. కాలువకు అడ్డముగా వలకట్లు, మట్టికట్టలు కనబడినచో పంచాయతీ కార్యదర్శి, గ్రామ రెవెన్యూ అధికారి వరదకు ముందే పై అధికారులకు తెలుపవలెను. నీరు వచ్చిన తరువాత వ్రాసిన నివేదిక నష్టము లెక్కకట్టుటకే పనికివచ్చును.