చిన్న మాట – పెద్ద లెక్క

పిట్ట కొంచెము, కూత ఘనము అని మన పెద్దలు చెప్పినారు. ఈ సామెతకు ఆటలలో ఉదాహరణము చూపవలెనన్న, స్క్రాబుల్ అను అక్షరముల ఆటను మించినది లేదని మా అభిప్రాయము. మన కళాశాలలో మధ్యాహ్న విరామ సమయమున కొందరు విద్యార్థులు ఈ ఆట ఆడుచుండుట మేము చూచుచున్నాము. ఆడువారి చుట్టును మరికొందరు నిలిచియుందురు. మీరేల ఆడరని అడిగినచో, "మేము తెలుగు మీడియము నుండి వచ్చినాము సార్, మాకు ఇంగ్లీషు పెద్ద పెద్ద మాటలు రావు" అని ఒకరు, "మాది ఉర్దూ మీడియము సార్" అని మరియొకరు వెనుకకు తగ్గుదురు. ఆ సమాధానము మమ్ము బాధించినది. ఒకప్పుడు మేమును అట్లే వెనుకకు తగ్గినవారమే. ఈ ఆటను ఆరంభించుటకు పెద్ద మాటలు అక్కరలేదనియు, చిన్న మాటలను చోటెరిగి వాడినచో మంచి లెక్క వచ్చుననియు వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఆట పుట్టుక

ఈ ఆటను రూపొందించినవారు అమెరికా దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ మోషర్ బట్స్. ఆయన భవనముల నమూనాలు గీయు ఆర్కిటెక్టు. 1930 ప్రాంతమున వచ్చిన గొప్ప ఆర్థిక మాంద్యములో ఆయన ఉద్యోగము పోయినది. పని లేని రోజులలో ఆయన వార్తాపత్రికలు ముందు పెట్టుకొని, ఏ అక్షరము ఎన్ని పర్యాయములు వచ్చుచున్నదో లెక్కించినారు. తరచుగా వచ్చు అక్షరమునకు తక్కువ విలువ, అరుదుగా వచ్చు అక్షరమునకు ఎక్కువ విలువ నిర్ణయించినారు. 1948లో జేమ్స్ బ్రూనో అను మరియొకరు ఈ ఆటకు స్క్రాబుల్ అను పేరు పెట్టి లోకమునకు పరిచయము చేసినారు.

బోర్డు మీద అడ్డముగా 15, నిలువుగా 15, మొత్తము 225 గడులు కలవు. అక్షరపు బిళ్ళలు నూరు. అందు రెండు ఖాళీ బిళ్ళలు. వానిని ఏ అక్షరముగానైనను వాడుకొనవచ్చును గాని విలువ సున్న. ప్రతి ఆటగాని యొద్ద ఒక పర్యాయమునకు ఏడు బిళ్ళలుండును. అచ్చులకును, ఎల్, ఎన్, ఆర్, ఎస్, టి అను హల్లులకును ఒక్కొక్క పాయింటు. కె అక్షరమునకు 5. జె, ఎక్స్ అక్షరములకు 8. క్యూ, జెడ్ అక్షరములకు 10 పాయింట్లు. కొన్ని గడులు అక్షరపు విలువను గాని, మాట మొత్తము విలువను గాని రెండింతలో, మూడింతలో చేయును.

పొడవు కాదు, చోటు ముఖ్యము

మన ఆర్మూరు రైతు పసుపును నిజామాబాదు మార్కెట్ యార్డునకు తీసికొనిపోయినపుడు, లావుపాటి గోళ కన్న సన్నని కాడి సాధారణముగా ఎక్కువ ధర పలుకును. చూపునకు పెద్దదైనది తూకమున పెద్దది కావచ్చును గాని, ధరలో పెద్దది కానక్కరలేదు. ఈ ఆటలో మాటల సంగతియు అంతియే.

ఒక లెక్క చూడుడు. మన తెలుగు 'పందికొక్కు' నుండి ఇంగ్లీషులోనికి పోయిన మాట 'బాండికూట్'. అందు తొమ్మిది అక్షరములు, విలువ 14. మనము ఖాజీ అనుదానిని ఇంగ్లీషున క్యూ, ఏ, డి, ఐ అని నాలుగే అక్షరములతో వ్రాయుదురు. దాని విలువయు 14. తొమ్మిది బిళ్ళలు చేసిన పనిని నాలుగు బిళ్ళలు చేసినవి.

అంతకన్న ముఖ్యమైనది రెండు వైపుల లెక్క. మనము పెట్టిన బిళ్ళ అడ్డముగా ఒక మాటను, నిలువుగా ఒక మాటను పూర్తి చేసినచో, ఆ అక్షరము రెండు మాటలలోను లెక్కకు వచ్చును. అది మూడింతల అక్షరపు గడియైనచో, ఆ మూడింతలు కూడ రెండు పర్యాయములు వచ్చును. ఎక్స్ బిళ్ళను అట్టి గడిలో పెట్టితిమనుకొనుడు. ఎడమ ప్రక్కన ఏ ఉన్నది, పైన ఓ ఉన్నది. అడ్డముగా 'ఆక్స్' (గొడ్డలి), నిలువుగా 'ఆక్స్' (ఎద్దు) అను రెండు మాటలు ఏర్పడును. తెలుగు లిపిలో రెండును ఒకటే గాని, మొదటిది ఏ-ఎక్స్, రెండవది ఓ-ఎక్స్. ఒక్కొక్క మాటకు 24కు 1 కలిపి 25, మొత్తము 50. ఏడు బిళ్ళలను ఒక్కసారిగా వాడినవారికి ఇచ్చు బహుమానము కూడ సరిగా 50 పాయింట్లే. ఒక్క బిళ్ళతో అంత సంపాదించితిమి!

ప్రక్కప్రక్కన పేర్చుట

క్రొత్తగా ఆడువారు ఉన్న మాటకు అడ్డముగా శిలువ వలె మాత్రమే తమ మాటను పెట్టుదురు. అనుభవజ్ఞులు ఉన్న మాటను ఆనుకొని, దానికి సమాంతరముగా తమ మాటను పేర్చుదురు. అట్లు పేర్చినపుడు పై అక్షరము, క్రింది అక్షరము కలిసి రెండక్షరముల మాటలు ఏర్పడవలెను. అందుకే రెండక్షరముల మాటలు ఈ ఆటకు పునాది రాళ్ళు.

ఉదాహరణమునకు, బోర్డు మీద 'హజ్' అను మాట (హెచ్-ఏ-జె) ఉన్నది. దాని క్రిందనే మనము 'అగో' (ఏ-జి-ఓ), అనగా 'పూర్వము' అను మాటను పేర్చితిమి. అప్పుడు నిలువుగా హెచ్-ఏ, ఏ-జి, జె-ఓ అను మూడు మాటలు ఏర్పడినవి. మొదటిది నవ్వుధ్వని; రెండవది వ్యవసాయమను అర్థముగల మాటకు పొట్టి రూపము; మూడవది స్కాట్లండు వారి భాషలో ప్రియురాలు. 'అగో' విలువ 4 మాత్రమే. కాని నిలువు మాటలకు వరుసగా 5, 3, 9 కలిసినందున మొత్తము 21 అయినది. రంగు గడి ఒక్కటి లేకుండ, మూడు సామాన్యమైన బిళ్ళలతో ఐదింతలకు మించి ఫలితము వచ్చినది. పొరుగువాని జె అక్షరమునకు గల 8 పాయింట్లు మనకు ఉచితముగ లభించుటయే ఇందలి కిటుకు.

కంఠస్థము చేయవలసినవి

అమెరికా, కెనడాలు తప్ప తక్కిన దేశముల పోటీలలో ఎక్కువగా కాలిన్స్ వారి పదముల జాబితాను ప్రమాణముగా గ్రహింతురు. 2019 నాటి కూర్పుతో అందలి రెండక్షరముల మాటలు 127 అయినవి. మనము నిత్యము పలుకు 'ఓకే' అను మాట (ఓ-కె) ఆ జాబితాలో చేరినది కూడ 2019లోనే. పన్నెండవ ఎక్కము వరకు కంఠస్థము చేసిన విద్యార్థికి 127 మాటలు భారము కావు. అందు చాల భాగము మనకు ఇదివరకే తెలిసినవి. మిగిలిన వానిలో ముఖ్యమైనవి కొన్ని తెలుపుచున్నాము.

క్యూ-ఐ: చీనా భాష నుండి వచ్చినది, 'చీ' అని పలుకుదురు, ప్రాణశక్తి అని అర్థము. విలువ 11. క్యూతో ఏర్పడు రెండక్షరముల మాట ఇది ఒక్కటే.

జెడ్-ఏ: పిజ్జా అను తినుబండారమునకు పొట్టి పేరు. విలువ 11.

ఎక్స్-యు: వియత్నాం దేశపు చిన్న నాణెము. విలువ 9.

ఎక్స్-ఐ: గ్రీకు వర్ణమాలలోని ఒక అక్షరము. విలువ 9.

ఏ-ఏ: హవాయి ద్వీపముల భాష నుండి వచ్చినది, గరుకైన లావా రాయి. విలువ 2 మాత్రమే గాని, చేతిలో ఏ అక్షరములు ఎక్కువైనపుడు వదిలించుకొనుటకు ఉపకరించును.

వి అక్షరముతో రెండక్షరముల మాట ఒక్కటియు లేదు. కనుక ఎదుటివానికి దారి మూయదలచినపుడు వి చక్కని తలుపు. అమెరికా వారి జాబితా కొంత భిన్నము. కావున ఆట మొదలు పెట్టుటకు ముందే ఏ నిఘంటువు ప్రమాణమో నిర్ణయించుకొనుట మేలు. లేనిచో స్నేహితుల నడుమ తగాదాకు తావు కలుగును.

మా ఓటమి కథ

ఇక్కడ మా అనుభవమొకటి చెప్పక తప్పదు. ఎం.ఏ. చదువుకొను రోజులలో హాస్టలు గదిలో ఒక మిత్రునితో ఈ ఆట ఆడినాము. ఆయన చిన్ననాటి నుండి ఇంగ్లీషు మీడియములో చదివినవాడు. మేము ఎట్లయినను ఒక పెద్ద మాట పెట్టి మెప్పు పొందవలెనని బిళ్ళలు దాచుకొనుచు వచ్చినాము. ఆయన రెండక్షరములు, మూడక్షరములు పేర్చుచు నెమ్మదిగా లెక్క పెంచుకొన్నాడు. చివరకు మా చేతిలో క్యూ, ఏ, డి, ఐ అను నాలుగు బిళ్ళలు మిగిలినవి. క్యూ తరువాత యు ఉండి తీరవలెనని బడిలో నేర్చినందున, యు కోసము ఎదురు చూచుచు కూర్చున్నాము. నాలుగు యు బిళ్ళలును అప్పటికే బోర్డు మీదకు వచ్చియున్నవని గమనింపలేదు.

ఇంతలో ఆయన తన బిళ్ళలన్నియు పూర్తి చేసినాడు. నియమము ప్రకారము మా చేతిలో మిగిలిన 14 పాయింట్లు మా లెక్క నుండి తీసివేసి, ఆయన లెక్కకు కలిపినాము. అనగా 28 పాయింట్ల తేడా. మేము ఓడినది 22 పాయింట్లతో. ఆ రాత్రి నిఘంటువు తెరచి చూడగా, ఆ నాలుగు బిళ్ళలు వరుసగా పెట్టిన 'ఖాజీ' అను మాట యగునని తెలిసినది. మా ఇంటి పెండ్లిండ్లలో నికాహ్ చదివించు ఖాజీ సాహెబును ఎరుగనివారమా? ఆయన మా చేతిలోనే కూర్చుండియుండగా గుర్తింపలేకపోయినాము. మా ఇంటి మాట ఇంగ్లీషు నిఘంటువులో ఉండదని ముందే నిశ్చయించుకొనుటయే మా ఓటమికి కారణము.

మన ఇంటి మాటలు

కావున విద్యార్థులు గమనింపవలసిన విషయమొకటి కలదు. ఇంగ్లీషు వారికి భయము గొల్పునది యు లేని క్యూ. ఆ మాటలలో పెక్కు అరబ్బీ మూలము గలవి. ఉర్దూలోని ఖాఫ్ అక్షరమును ఇంగ్లీషున క్యూతో వ్రాయుటయే అందుకు హేతువు. మన దక్కనీ నాలుకపై అది 'ఖ' వలె పలికినను, వ్రాతలో క్యూయే. ఫకీరు అను మాటను క్యూతో వ్రాసినచో 17, కె తో వ్రాసినచో 12. రెండు రూపములును చెల్లును. బుర్ఖా 16, నిఖాబ్ 16, వక్ఫ్ 19. మన జిల్లా పేరులోని 'నిజాం' కూడ నిఘంటువులో ఉన్నది. జెడ్ పుణ్యమా అని దాని విలువ 16. ఈ మాటలు ఉర్దూ చదివినవారికి ఉగ్గుపాలతో వచ్చినవి. వారి ప్రక్క బెంచీపై కూర్చున్న తెలుగు విద్యార్థులకు చెవిన పడినవే. నేర్చుకొనవలసినది ఇంగ్లీషున వాని వర్ణక్రమము మాత్రమే.

తెలుగు మాత్రము చిన్న మాటలలో వెనుకబడినదా? రా, పో, తే, ఈ, ఆ, ఏ - ఒక్క అక్షరముతోనే పూర్తి అర్థము నిచ్చు మాటలు మనకు ఎన్నియో కలవు. ఉర్దూలో ఆ, జా, లే, దే అనునవియు అట్టివే. అయితే గుణింతములు, ఒత్తులు గల తెలుగును నూరు బిళ్ళలలో ఇముడ్చుట కష్టము. అట్టముక్కలతో అట్టి ఆటను రూపొందించుటకు మన విద్యార్థులు ప్రయత్నించిన, కళాశాల కమిటీ పెద్దలు ప్రోత్సహింతురని మా నమ్మకము.

చిన్న మాటకు గల హద్దు

చిన్న మాటలే సర్వస్వమని మేము చెప్పుట లేదు. ఏడు బిళ్ళలు ఒక్కసారి వాడువానికి వచ్చు 50 పాయింట్లు ఆట స్వరూపమునే మార్చును. కాని ఆ పెద్ద మాటను బోర్డు మీద ఇముడ్చుటకు తరచుగా చిన్న మాటల ఆధారమే కావలెను. చేతిలో అచ్చులు, హల్లులు సమముగా నిలుపుకొనుట, పనికిరాని బిళ్ళలను చిన్న మాటలతో వదిలించుకొనుట, నాలుగే ఉన్న ఎస్ బిళ్ళలను పొదుపుగా వాడుట - ఇవన్నియు పెద్ద మాటకు చేయు సేద్యము వంటివి. ఎదుటివానికి మూడింతల మాట గడి దారి తెరచి ఇచ్చు చోట మాత్రము, నాలుగు పాయింట్ల ఆశకు పోకుండుట వివేకము.

మరియొక హెచ్చరిక. న్యూజిలాండు దేశస్థుడైన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాటలాడుట రాకయే, ఆ భాషా పదముల జాబితాను కంఠస్థము చేసి, 2015లో ఫ్రెంచి ప్రపంచ పోటీలో గెలిచినారు. 2024లో స్పానిషు పోటీలోను గెలిచినారు. ఆ జ్ఞాపకశక్తికి నమస్కరింపవలసినదే. అయినను మాట తెలియుట వేరు, భాష తెలియుట వేరు. విద్యార్థులు ప్రతి చిన్న మాటతో పాటు దాని అర్థమును కూడ నేర్చినచో, ఆట ముగిసిన తరువాతను ఆ లాభము నిలిచియుండును.

ప్రక్కన నిలిచి చూచుచున్న విద్యార్థులారా! రేపటి విరామమున ఒక కుర్చీ లాగికొని కూర్చుండుడు. మీ చేతికి వచ్చిన ఏడు బిళ్ళలను చూచి పెద్ద మాట లేదని నిరాశ చెందకుడు. ముందుగా మీ ఇంటి మాట ఏదైనను అందున్నదేమో వెదకుడు. మేము వెదకక ఓడినాము; మీరు వెదకి గెలువవలెనని మా ఆకాంక్ష.