మంచు తుపానును, ఇంటి లెక్కలును

ప్రకృతి వైపరీత్యమువలన నష్టపడిన రైతునకు ప్రభుత్వము ధనసాయము చేయుట పెక్కు దేశములందు గలదు. ఆ సొమ్ము ఎప్పుడు వచ్చును, దేనినిబట్టి వచ్చును అను సంగతి గృహిణులును ఎరుగవలసినది. ఇందునకు అమెరికా దేశపు వృత్తాంతము నొకదానిని మా సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఆ దేశమున దక్షిణ డకోటా యను రాష్ట్రము గలదు. దాని పడమటి భాగమున మీడ్ కౌంటీ యున్నది. కౌంటీ యనగా మన జిల్లావంటిది. అచ్చట పచ్చికబయళ్లు మెండు. పశువులే పెక్కు కుటుంబముల సంపద. 2013 అక్టోబరు మొదటి వారమున ఆ ప్రాంతమున అకాలపు మంచు తుపాను చెలరేగెను. మొదట వాన కురిసి మందలను తడిపెను. పిమ్మట పెనుగాలితో మంచు పడెను. పశువులకు చలికాలపు దట్టమైన బొచ్చింకను మొలవలేదు. అవి వేసవి బీళ్లలోనే మేయుచుండెను. వేలకొలది పశువులు చలికి తాళలేకయు, మంచుదిబ్బలలో ఊపిరాడకయు మరణించెను. ఏండ్ల తరబడి పెంచిన మందలు రెండు మూడు దినములలో నశించెను.

చచ్చిన పశువులకు పరిహార మిచ్చు పథకము పూర్వము ఉండెను గాని, దాని గడువు 2011 సెప్టెంబరుతోనే తీరిపోయెను. క్రొత్త వ్యవసాయ శాసనము చట్టసభలలో తెమలకుండెను. పైగా బడ్జెటు వివాదముచేత ఆ అక్టోబరు 1వ తేది మొదలు 16 దినములు కేంద్రప్రభుత్వపు కార్యాలయము లనేకములు మూతపడెను. మొరపెట్టుకొనుటకు కౌంటీ వ్యవసాయ కార్యాలయమైనను తెరచి యుండలేదు. ఇతర రాష్ట్రముల పశుపోషకులు తమ మందలలోని పెయ్యలను దానముగా పంపి ఆదుకొనిరి.

2014 ఫిబ్రవరి 7వ తేదిని అధ్యక్షుడు ఒబామా నూతన శాసనముపై సంతకము చేసెను. అది వెనుకటి నష్టములకును వర్తించెను. పశువు విపణి ధరలో నూటికి 75 వంతులు పరిహారముగా నిర్ణయింపబడెను. దరఖాస్తులను ఏప్రిల్ 15వ తేది నుండి స్వీకరించిరి. అప్పటికి ఆపద జరిగి ఆరు నెలలు దాటెను. మంచు కరగెను, కళేబరములు మన్నయ్యెను, మిగిలినవి కాగితములే. మందలో మొదట ఎన్ని యుండెను, ఎన్ని యీనెను, ఎన్ని అమ్ముడుపోయెను, ఎన్ని చచ్చెను అను ప్రశ్నలకు ఆధారము చూపవలసి వచ్చెను. ఛాయాచిత్రములు, పశువైద్యుని పత్రములు, కన్నవారి సాక్ష్యములు అక్కరకు వచ్చెను. నష్టము నిజమైనను, నిదర్శనము లేనివారికి పరిహారము పొందుట కష్టము.

మన దేశమునందును ఇట్టి నిబంధనలు గలవు. పంట నూటికి 33 వంతులుగాని అంతకు మించిగాని చెడిననే విపత్తు సహాయనిధినుండి పెట్టుబడి సాయము లభించును. ఆంధ్రప్రదేశమున పంట వివరము ఈ-పంట పట్టికలో నమోదై యుండవలెను. కావున రైతు కుటుంబముల సోదరీమణులు ఇంట నొక పుస్తకము నుంచుకొనవలెనని మా మనవి. సర్వే నంబరు, విత్తిన తేది, కొన్న ఎరువుల రసీదులు, పశువుల ఈతలు, అమ్మకములు అందు చేర్చవలెను. పాలలెక్క, చాకలిలెక్క వ్రాయగల చేతికి ఇది బరువు గాదు. ఆ పుస్తకమును వాననీరు చేరని చోట భద్రపరచి, ఎక్కడ నున్నదో ఇంటివారి కందరికిని చెప్పియుంచవలెను.