పెరట్లో కట్టిన జెట్ పడవ

సిడ్నీ నగరంలోని కాంకర్డ్ అనే పేటలో ఒక ఇంటి పెరడు. పైన కప్పు లేదు, వానొస్తే టార్పాలిన్ లాగి కప్పడమే. 1970ల తొలినాళ్లలో కెన్ వార్బీ అనే సేల్స్‌మన్ అక్కడ చెక్క, మెరైన్ ప్లైవుడ్, ఫైబర్ గ్లాస్‌లతో ఒక బోటు కట్టడానికి పూనుకున్నాడు. డిజైన్ తనదే, వడ్రంగం తనదే, రేపు లోపల కూర్చుని నడపాల్సిందీ తానే. ఇంజన్ మాత్రం ఆస్ట్రేలియా వాయుసేన ఇక అక్కర్లేదని వేలంలో అమ్మేసిన వెస్టింగ్‌హౌస్ జె34 టర్బోజెట్. దాని ఖరీదు 65 డాలర్లు. ‘స్పిరిట్ ఆఫ్ ఆస్ట్రేలియా’ అని పేరు పెట్టుకున్న ఆ పడవ 1978 అక్టోబర్ 8న గంటకు 511 కిలోమీటర్ల సగటు వేగం అందుకుంది. నీటి మీద అంతకన్నా వేగంగా వెళ్లినట్టు నమోదైన మనిషి ఇప్పటికీ మరొకరు లేరు.

వార్బీ బొమ్మలు కూడా వేసేవాడు. ఆ తైలవర్ణ చిత్రాలు అమ్మగా వచ్చిన డబ్బు పడవకు పెట్టాడు. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఆ 65 డాలర్ల దగ్గర ఆగి ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపోవాల్సింది నిజంగా ఆ తర్వాతి భాగానికి. జెట్ ఇంజన్ బిగించినంత మాత్రాన చెక్క పడవ 500 కిలోమీటర్ల వేగం అందుకోదు. తొలి పరీక్షలకీ రికార్డుకీ మధ్య ఏళ్ల తరబడి సాగిన సవరింపులే ఆ పడవను ఆ పడవగా చేశాయి.

అసలు చిక్కంతా నీళ్లతోనే. నీరు గాలికన్నా 800 రెట్లకు పైగా చిక్కన. పడవ అడుగు ఎంత మునిగితే అంత నిరోధం. అందుకే ఇలాంటి బోట్లను ‘హైడ్రోప్లేన్’ పద్ధతిలో కడతారు. ముందు కుడి ఎడమల స్పాన్సన్లు అనే రెండు తేలే భాగాలు, వెనక అడుగుభాగం కొస. వేగం పెరిగాక ఈ మూడు చోట్లే, అదీ అరచేతులంత మేరే, నీటిని తాకుతాయి. చెరువులో చిల్లపెంకు విసిరితే కప్పగంతులు వేసుకుంటూ పోవడం ఊళ్లో పెరిగినవాళ్లందరికీ తెలుసు. పెంకు వాలు కాస్త తేడా వస్తే బుడుంగున మునుగుతుంది, లేదా గాల్లోకి ఎగిరి తిరగబడుతుంది. హైడ్రోప్లేన్‌కీ ఆ రెండు ప్రమాదాలూ ఉన్నాయి.

నీటి పట్టు వదిలించుకున్న పడవకు తర్వాతి శత్రువు గాలి. గంటకు 511 కిలోమీటర్లంటే సెకనుకు 142 మీటర్లు. ఆ వేగంలో గాలికి అడ్డంగా నిలిచిన ఒక్కో చదరపు మీటరు మీద టన్నుకు పైగా బలం పడుతుంది. ముక్కు కొద్దిగా లేచిందా, ఆ బలం పడవ కిందికి దూరుతుంది. ముక్కు ఇంకా లేస్తుంది, గాలి ఇంకా దూరుతుంది. ఇక ఆపడం నడిపేవాడి చేతిలో ఉండదు.

వార్బీ ఆరాధించిన డొనాల్డ్ క్యాంప్‌బెల్ పోయింది అలాగే. 1967 జనవరి 4న ఇంగ్లండ్‌లోని కోనిస్టన్ సరస్సులో ఆయన పడవ బ్లూబర్డ్ కె7 మొదటి పరుగులో గంటకు 479 కిలోమీటర్ల సగటు వేగం అందుకుంది. తిరిగి ఇంధనం నింపుకోకుండానే వెంటనే రెండో పరుగుకు బయల్దేరాడు. పడవ ముక్కెత్తి, గాల్లో పల్టీ కొట్టి, నీళ్లలో కూలింది. కారణాల మీద నిపుణుల వాదన ఇంకా తెగలేదు. వాళ్లు పరిశీలించినవాటిలో ఒకటి మాత్రం తెలుసుకోదగ్గది. జెట్ తోపు పడవలో పైభాగాన ఉంటుంది, నీటి నిరోధం అడుగున. ఈ రెండూ కలిసి ముక్కును కిందికి నొక్కి పట్టి ఉంచుతాయి. వేగం మీద ఉండగా ఇంజన్ తోపు ఉన్నట్టుండి పడిపోతే ఆ నొక్కుడు కూడా పోతుంది. ముందుకు తోసే ఇంజనే పడవను నీటికి అంటిపెట్టే పని కూడా చేస్తోందన్నమాట.

ఇలాంటి పడవను ట్యూన్ చేయడమంటే ఏం చేయాలి? స్పాన్సన్ల అడుగు వాలు చూడాలి. బరువు ఎక్కడ పడుతోందో చూడాలి. ట్యాంకులో ఇంధనం తగ్గేకొద్దీ ఆ చోటు ఎటు జరుగుతుందో లెక్క వేయాలి. తోక రెక్క ముక్కును ఎంత అణచాలో తేల్చాలి. ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవి. ఒకటి కదిలిస్తే మిగతావన్నీ కదులుతాయి.

చుక్కాని ఒక్కదాన్నే తీసుకుందాం. చూడ్డానికి నీళ్లలో వేలాడే చిన్న లోహపు పలక. సెకనుకు 142 మీటర్ల వేగంలో దాని ముందంచు మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 100 కిలోల ఒత్తిడి పడుతుంది. పలక చీల్చిన నీటికి దాని వెనక మళ్లీ కలుసుకునే వ్యవధి ఉండదు, అక్కడ ఆవిరి నిండిన గుల్ల ఏర్పడుతుంది. అందుకే ఇలాంటి బోట్ల చుక్కానిని చేప ఆకారంలో కాక, ముందు పదునుగా, వెనక మొద్దుగా చీలలా చేస్తారు. పలక మరీ లోతుగా దిగితే వేగాన్ని తినేస్తుంది. మరీ పొట్టిదైతే పడవ దారి తప్పుతుంది. ఎంత ఉంచాలన్నది చివరికి నీళ్లే చెప్పాలి.

వార్బీ ఆ జవాబు కోసం ఓపిక పట్టాడు. వేగాన్ని మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయాడు. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ టామ్ ఫింక్ గాలి లెక్కల్లో సాయపడ్డాడు. వాగా వాయుసేన స్థావరం సాంకేతిక సిబ్బంది ఇంజన్ మీద చెయ్యి వేశారు. సొంతంగా కట్టుకున్న పడవ కాబట్టి ఇతరుల మాట వినక్కర్లేదని ఆయన అనుకోలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

1977 నవంబర్ 20న, ట్యూమట్ పట్టణం దగ్గరి బ్లోవరింగ్ జలాశయంలో, గంటకు 464 కిలోమీటర్లు నమోదయ్యాయి. అమెరికన్ లీ టేలర్ పదేళ్ల కిందటి రికార్డు 459. నిబంధన ప్రకారం కొలిచిన దూరాన్ని గంటలోపు రెండు వైపులా పరుగెత్తి సగటు తీయాలి. కాబట్టి ఎదురుగాలి, వెనుకగాలి లెక్కలోంచి కొట్టుకుపోతాయి.

అయిదు కిలోమీటర్ల ఆధిక్యంతో వార్బీకి తృప్తి కలగలేదు. ఏడాది తిరగకముందే అదే పడవ, అదే నీళ్లలో, 511 అందుకుంది. పెరిగింది పది శాతమే. కానీ నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది గనుక, ఇంజన్ తోయాల్సిన బలం సుమారు 21 శాతం, శక్తి సుమారు 33 శాతం ఎక్కువ కావాలి. కిలోమీటరు దూరానికి ఆదా అయిన కాలం ముప్పావు సెకనైనా లేదు: 7.75 సెకన్ల నుంచి 7.04కి తగ్గింది. కొత్త పడవ కట్టకుండా ఈ తేడా రాబట్టడం నా దృష్టిలో మొదటి రికార్డు కన్నా గొప్ప పని.

ఆ తర్వాత ఇద్దరు ఆ 511 రికార్డును దాటడానికి ప్రాణాలొడ్డారు. 1980లో టాహో సరస్సులో లీ టేలర్, 1989లో ఫ్లోరిడాలో క్రెయిగ్ ఆర్ఫన్స్ చనిపోయారు. స్పిరిట్ ఆఫ్ ఆస్ట్రేలియా ఇప్పుడు సిడ్నీలో ఆస్ట్రేలియా జాతీయ సాగర మ్యూజియంలో ఉంది. వార్బీ 2023 ఫిబ్రవరిలో, 83 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆయన కొడుకు డేవ్ స్పిరిట్ ఆఫ్ ఆస్ట్రేలియా 2ను బ్లోవరింగ్‌లోనే పరీక్షిస్తూ వచ్చాడు. దీని ఇంజన్ బ్రిస్టల్ ఆర్ఫియస్. 1965 భారత్-పాక్ యుద్ధంలో పోరాడిన మన నాట్ విమానాలకూ, క్యాంప్‌బెల్ ఆఖరిసారి నడిపిన బ్లూబర్డ్‌కూ ఉన్నవి ఈ కోవ ఇంజన్లే. తండ్రి దానికన్నా దీనికి బలం ఎక్కువ. అయినా కొడుకూ వేగాన్ని తండ్రిలాగే మెట్టు మెట్టుగానే పెంచుకుంటూ వెళ్లాడు.