పెట్టెడు సామానుతో పరీక్ష

మార్చి 14వ తేదీని మనం 14-3 అని రాస్తాం. అమెరికా వాళ్ళు నెలను ముందు వేస్తారు కాబట్టి అక్కడ అది 3-14 అవుతుంది. ఈ అంకెలు మీకు కొత్తవి కావు. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే 'పై' విలువ 3.14 అని లెక్కల మాస్టారు మీచేత ఎన్నిసార్లు వల్లె వేయించి ఉంటారో!

అమెరికాలో బోస్టన్ నగరానికి ఎదురుగా, చార్లెస్ నది అవతలి ఒడ్డున, కేంబ్రిడ్జి అనే ఊరుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉన్నది అక్కడే. పేరు మరీ పొడుగు కాబట్టి అందరూ ఎం.ఐ.టి. అంటారు. 1861లో పుట్టిన సంస్థ అది. తమ దగ్గర చేరాలని దరఖాస్తు పెట్టుకున్న విద్యార్థులకు ఫలితం చెప్పడానికి వాళ్ళు చాలా ఏళ్ళుగా ఈ 'పై' రోజునే ఎంచుకుంటూ వచ్చారు. 2012లో దీనికి మరో తమాషా చేర్చారు. ఫలితం వెల్లడించే వేళ సాయంత్రం 6 గంటల 28 నిమిషాలు! ఎందుకంటారా? 3.14ను రెట్టింపు చేసి చూడండి. ఆ క్షణానికి మన గడియారాల్లో మార్చి 15 తెల్లవారుజాము 3 గంటల 58 నిమిషాలు అవుతుంది. ఇక్కడినుంచి దరఖాస్తు పంపిన వాళ్ళ ఇళ్ళలో ఆ రాత్రి ఎవరికి నిద్ర పడుతుంది చెప్పండి?

తమాషా అంతవరకే. 2024లో 28 వేలమందికి పైగా దరఖాస్తు పెడితే ఎం.ఐ.టి. చేర్చుకుంటానన్నది సుమారు 1,300 మందిని. నూటికి అయిదుగురు కూడా కాదన్నమాట. ఆ అయిదుగురు ఎవరో తేల్చేదెలా?

మన దగ్గర ఇంజనీరింగు చదువుకు ప్రవేశ పరీక్ష ఉంటుంది, ర్యాంకు వస్తుంది, ర్యాంకును బట్టి సీటు వస్తుంది. అక్కడి పద్ధతి వేరు. ప్రవేశాల కార్యాలయంలో చలికాలమంతా జరిగే పని ముఖ్యంగా చదవడమే. మార్కులు, ఉపాధ్యాయులు రాసిన ఉత్తరాలు, విద్యార్థి తన గురించి రాసుకున్న వ్యాసాలు అన్నీ ఉన్న దస్త్రాన్ని ముందు ఒకరు శ్రద్ధగా చదివి సారాంశం రాస్తారు. ఆ తర్వాత కొందరు కలిసి కూర్చుని వాదించుకుంటారు. ఒక విద్యార్థిని తీసుకుందామని తేలేసరికి కనీసం డజనుమంది ఆ దస్త్రం గురించి చర్చించి ఉంటారట. ఈ పని ముగింపుకు వచ్చేది మార్చిలో. పంచాంగం ప్రకారం అక్కడ వసంతం మార్చి 20 ప్రాంతంలో మొదలవుతుంది. మనకు వేపపూత రాలే రోజుల్లో అక్కడి చెట్లు ఇంకా మోడుల్లాగే ఉంటాయి.

అయితే మార్కులు అక్కర్లేదన్నమాటేనా? కాదు. కోవిడ్ వచ్చిన 2020లో ఎం.ఐ.టి. 'శాట్' వంటి పరీక్షలు రాయనవసరం లేదంది. 2022 మార్చిలో ఆ నిబంధనను తిరిగి తెచ్చింది. అక్కడ ప్రతి విద్యార్థీ గట్టి లెక్కలు, భౌతికశాస్త్రం చదివి తీరాలి. వాటిని తట్టుకోగలరో లేదో చెప్పడానికి పరీక్ష పనికివస్తోందని వాళ్ళు గమనించారు. మార్కులకున్న విలువ అది. కాని మార్కులు చెప్పలేని సంగతి ఒకటుంది. మీరు నెల రోజులు కష్టపడి చేసిన యంత్రం తీరా నేలమీద పెట్టాక కదలనే కదలదు. అప్పుడు మీరేం చేస్తారు?

ఈ ప్రశ్నను అదే ఎం.ఐ.టి.లో, యంత్రశాస్త్ర విభాగంలో, 1970ల తొలి సంవత్సరాల్లోనే పట్టుకున్న ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్. అక్కడ పాఠాలకు పేర్ల కంటే అంకెలే ముద్దు. ఆయన చెప్పిన యంత్ర రచన పాఠం అంకె 2.70. ఆ పాఠంలో ప్రతి విద్యార్థికీ ఒక పెట్టెడు సామాను ఇచ్చేవారు. మోటార్లు, స్ప్రింగులు, రబ్బరు బ్యాండ్లు, లోహపు రేకులు, చూస్తే పాత సామాన్ల కొట్టునుంచి ఏరుకొచ్చినట్టుండే వస్తువులు. (ఇంగ్లీషులో వసంతానికీ, మెలి తిప్పిన ఈ తీగచుట్టకూ ఒకటే మాట. ఆ విద్యార్థులకు రెండూ కలిసే వస్తాయి.) అందరికీ ఒకే సామాను, అందరికీ ఒకే పని. చెప్పిన పని చేసే యంత్రాన్ని ఎవరికి వాళ్ళు తయారుచేయాలి, చివర్లో అందరి ముందూ రెండేసి యంత్రాలకు పోటీ. సామాను ఒకటే కాబట్టి డబ్బున్నవాడి యంత్రం గెలిచిందనే మాట లేదు. తేడా అంతా బుర్రలోనూ చేతిలోనూ ఉండాలి. ఆ పాఠం ఇప్పటికీ ఉంది, అంకె మాత్రం 2.007గా మారింది.

ఇందులో మెదడుకు పదును పెట్టే చిక్కు ఒకటి చూద్దాం. ఒక చిన్న మోటారు ఉందనుకోండి. చాలా వేగంగా తిరుగుతుంది, కాని బరువు తగిలితే ఆగిపోతుంది. దాని ఇరుసుకు 10 పళ్ళున్న చక్రం తగిలించి, దానితో 50 పళ్ళున్న చక్రాన్ని తిప్పించండి. చిన్న చక్రం అయిదుసార్లు తిరిగితే పెద్దది ఒక్కసారి తిరుగుతుంది. వేగం అయిదో వంతుకు తగ్గింది. దానికి బదులుగా మెలితిప్పే బలం సుమారు అయిదు రెట్లు పెరుగుతుంది, ఘర్షణ తినేసే భాగం పోగా. రెండూ ఒకేసారి పెంచుకోవడం కుదరదు. మోటారు ఇచ్చే సామర్థ్యం అంతే కదా! అంటే ఎదుటివాడికంటే ముందు పరుగెత్తాలా, వాడిని తోసెయ్యాలా అన్నది పళ్ళచక్రం కోసే ముందే తేల్చుకోవాలి. ఇందుకు సమాధానం ఏ పుస్తకం చివరా ఉండదు.

ఆవిష్కర్త డీన్ కామెన్ పేరు విన్నారా? ఒంటికి తగిలించుకుని మందు ఎక్కించుకునే చిన్న పంపును తయారుచేసిన ఇంజనీరు. ఆయన 1989లో 'ఫస్ట్' అనే సంస్థను స్థాపించారు. ఆటగాళ్ళకు కొట్టే చప్పట్లు విజ్ఞానానికీ కొట్టాలన్నది ఆయన పట్టుదల. ఫ్లవర్స్ కూడా చేయి కలిపారు. 2.70 పోటీ లాంటిదే హైస్కూలు పిల్లలకు పెడదామనుకున్నారు. 1992లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో, ఒక హైస్కూలు వ్యాయామశాలలో, 28 జట్లతో మొదటి పోటీ జరిగింది.

ఆ మొదటి ఆట నాకు అన్నిటికంటే ఇష్టం. రోబోలు టెన్నిస్ బంతులు పోగుచేసి తమ చోటికి తెచ్చుకోవాలి. వినడానికి సులువే. కాని బరి నిండా మొక్కజొన్న గింజలు పోశారు! చక్రం ముందుకు పోవాలంటే నేలను వెనక్కి తన్నాలి, నేల దాన్ని పట్టుకోవాలి. ఆ పట్టే ఘర్షణ. గింజలు ఒకదానిమీద ఒకటి దొర్లిపోతుంటే పట్టు ఎక్కడిది? బురదలో దిగబడిన లారీని చూసే ఉంటారు. డ్రైవరు ఇంజను రొద పెంచినకొద్దీ చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి మరింత లోతుకు దిగుతుంది. మోటారు బలం రెట్టింపు చేసినా అక్కడ లాభం లేదు. బరువును ఎక్కువ చోటుమీద పరచాలి, లేదా గింజల అడుగున గట్టి నేల తగిలేలా చూడాలి. ఘర్షణ అంటే పాఠంలో ఎప్పుడూ శక్తిని తినేసే శత్రువే కదా. ఇక్కడ అదే కావలసిన చుట్టమైంది.

ఇప్పుడు ఆ పోటీలో వేల జట్లున్నాయి. ప్రతి జనవరిలో ఆ ఏటి ఆటేమిటో అందరికీ ఒకే రోజున చెబుతారు. దాదాపు 50 కిలోల రోబోను కొన్ని వారాల్లో తయారుచేసుకోవాలి. మార్చి వచ్చేసరికి ఊరూరా పోటీలు. ఇక్కడ తర్వాత వచ్చిన ఏర్పాటు ఒకటి విచిత్రమైనది. మూడు జట్లు ఒక పక్షం, మూడు జట్లు మరో పక్షం. తొలి దశలో ఎవరు ఎవరి పక్షమో ఆటకో విధంగా మారిపోతుంది. ఇప్పుడు మీ మీద ఆడిన జట్టే కాసేపటికి మీ తోడు కావచ్చు. అందుకని ఎదుటివాళ్ళ రోబోలో గొలుసు తెగితే మీ పెట్టెలోని గొలుసు తీసి ఇవ్వడం అక్కడ మామూలు. గట్టిగా పోటీపడు, ఎదుటివాడిని గౌరవించు అన్న ఈ పద్ధతికి ఫ్లవర్స్ పెట్టిన పేరు 'గ్రేషస్ ప్రొఫెషనలిజం'. ఆయన 2019లో కన్నుమూశారు.

ఇక ప్రవేశాల కార్యాలయానికి వద్దాం. గొలుసు ఇచ్చిన సంగతి ఏ మార్కుల పట్టీలోనూ ఎక్కదు. మొక్కజొన్న మీద కదలని రోబోను రాత్రికి రాత్రి విప్పి మళ్ళీ బిగించిన సంగతీ ఎక్కదు. 2013లో ఎం.ఐ.టి. దీనికి ఒక దారి తెరిచింది. తాము సొంతంగా తయారుచేసిన వస్తువుల ఫోటోలు, చిన్న వీడియో, వివరాలు దరఖాస్తుతోపాటు పంపవచ్చంది. పంపి తీరాలని లేదు. పంపితే ఆ పని తెలిసినవాళ్ళు చూస్తారు. పోటీలో కప్పు గెలిస్తే సీటు ఖాయమనుకోకండి, ఓడితే సీటు పోతుందనీ అనుకోకండి. నూటికి తొంభై అయిదుగురికి 'లేదు' అని చెప్పే చోట, రోబోలు చేసిన వాళ్ళకూ ఆ మాట వినక తప్పదు. మార్చి 14 శనివారం పడిన ఏట, పోటీ ఆవరణలోనే ఆ మాట చూసుకుని మళ్ళీ బరిలోకి దిగవలసిన వాళ్ళు కొందరైనా ఉండి తీరతారు. వాళ్ళ రోబోకు మాత్రం ఆ ఫలితంతో పని లేదు. దానికి కావలసింది తర్వాతి ఆటకు చార్జి ఎక్కిన బ్యాటరీ.

పెట్టెడు సామాను మన ఇంట్లోనూ ఉంది. ఖాళీ దారపు రీలు ఒకటి తీసుకోండి. నడిమి రంధ్రంలోంచి రబ్బరు బ్యాండు దూర్చండి. ఒక చివర సగం అగ్గిపుల్ల దోపి, అది తిరగకుండా అంటించండి. రెండో చివర, మధ్యలో రంధ్రం చేసిన కొవ్వొత్తి బిళ్ళలోంచి లాగి, పొడుగాటి పుల్ల దోపండి. పుల్లను గట్టిగా నలభైసార్లు తిప్పి నేలమీద పెట్టండి. రీలు తనంతట తానే పాకుతుంది. కొవ్వొత్తి బిళ్ళ లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి చూడండి. మీ స్నేహితుడూ అదే సామానుతో ఇంకోటి చేస్తే పందెం వేసుకోవచ్చు. ఎవరిది ఎక్కువ దూరం పోతుంది? ఎవరిది పుస్తకం ఏటవాలుగా పెడితే పైకి ఎక్కుతుంది? రెండింటా ఒకే రీలు గెలవకపోవచ్చు. రీలు అంచులకు రబ్బరు బ్యాండ్లు చుడితే ఏమవుతుందో కూడా చూడండి.

ఆ తర్వాత నేలమీద గుప్పెడు పెసలు చల్లి, రెండు రీళ్ళనూ వాటి మీద వదలండి. ఎవరిది ఎక్కడ ఆగిందో, ఏం మార్చితే కదిలిందో నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. పెసలు మాత్రం మళ్ళీ ఏరి డబ్బాలో పోయండి, వాటిమీద కాలు వేసినా జారేది అదే ఘర్షణ లేకనే!