చుక్క పడిన చోట కాదు, నీరు దిగిన చోట చూడండి



వాన పట్టుకోగానే పాత పెంకుటింట్లో ఇల్లాలు చేసే మొదటి పని ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. చుక్క పడిన చోటల్లా ఒక గిన్నె, ఒక బకెట్టు పెట్టడం, పరుపులు ఇవతలకు లాగడం. వాన వెలిశాక మేస్త్రీకి కబురు పెడతాం. అతను వస్తాడు. చుక్క పడిన చోటికి సరిగ్గా పైన నాలుగు పెంకులు మార్చి, కాస్త సిమెంటు మెత్తి, కూలి పుచ్చుకుని వెడతాడు. మళ్ళీ వానకు గిన్నె అదే చోట పెట్టాల్సి వస్తుంది. "పాత కొంప, ఇంతేలే" అని సరిపెట్టుకుంటాం.

ఇంతే కాదండీ. పాలు గిన్నెలోంచి గ్లాసులోకి మెల్లగా వంచినప్పుడు ఏమవుతుంది? గిన్నె అంచు నుంచి జారి, బయటి గోడ వెంట పాకి, ఎక్కడో అడుగున చుక్క కట్టి పడతాయి. వాన నీరూ అంతే. కొప్పు దగ్గర దిగిన నీరు పెంకు కింద ఉన్న రీపరు పట్టుకుని, రీపరు నుంచి వాసం మీదికి వచ్చి, వాసం వాలు వెంట నాలుగైదు అడుగులు పాకి, ఎక్కడ అతుకో మేకో అడ్డం వస్తే అక్కడ చుక్కగా రాలుతుంది. చుక్క పడిన చోటు వేరు, నీరు దిగిన చోటు వేరు. రెండూ ఒకటే అనుకోవడం వల్లనే ఏటా డబ్బు పోస్తున్నా కారడం ఆగదు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఏమంటే, ఆ దారి పొడుగునా చెక్క మనకు కనపడకుండా నానుతూనే ఉంటుంది.

ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, చుట్టుపక్కల ఊళ్ళలో మండువా లోగిళ్ళూ, పెంకుటిళ్ళూ, సున్నంతో కట్టిన పాత మేడలూ ఇంకా ఉన్నాయి. వాటిలో చాలా ఇళ్ళకు పెరట్లో ఒక వేపో, మామిడో, నాలుగు కొబ్బరి చెట్లో ఉంటాయి. ఇక జంగారెడ్డిగూడెం దాటి బుట్టాయగూడెం వైపు వెళితే అడవి అంచునే ఇళ్ళు. అక్కడ ఆకులతో పాటు కోతులు కూడా కప్పు మీదికి వస్తాయి. చెట్టు నీడన ఇల్లు ఉండడం అదృష్టమే. కాకపోతే అలాంటి ఇంటి కప్పును ఏడాదికి రెండుసార్లు చూసుకోవాలి.

మన కప్పు ఎలా నిలబడుతుందో ఒక్కసారి తెలుసుకుందాం. గోడల మీద దూలం. దూలం మీద నిలువు కర్ర, దాని పైన కొప్పు దూలం. కొప్పు నుంచి చూరు దాకా వాలుగా వాసాలు. వాసాల మీద అడ్డంగా రీపర్లు. రీపర్లకు తగిలించి పెంకులు. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండమీద బౌద్ధ గుహలు చూసే ఉంటారు. అక్కడి గుండ్రని చైత్యంలో నిలబడి తలెత్తి చూడండి. క్రీస్తు పూర్వం నాటి శిల్పులు కొండను తొలిచి, లోపలి కప్పుకు చెక్క వాసాలు ఉన్నట్టే రాతిలో చెక్కారు. అంటే రెండువేల ఏళ్ళకు ముందే ఈ ప్రాంతంలో ఇంటికప్పు వాసాలతో లేచేదన్న మాట. రాతి వాసానికి చెదపురుగు భయం లేదు, నానుతుందన్న భయం లేదు. మన టేకు వాసానికీ, తాటి దూలానికీ ఆ రెండూ ఉన్నాయి. చేవ ఉన్న కర్ర ఎండలో వందేళ్ళు ఉంటుంది. గోడలో దిగిన దూలం కొస ఎప్పుడూ తడిగా ఉంటే మాత్రం కొన్నేళ్ళకే పిండి అయిపోతుంది.

అందుకని పరీక్ష కింది నుంచే మొదలుపెట్టండి. మీరు నిచ్చెన ఎక్కనక్కరలేదు, ఎక్కవద్దు కూడా.

మంచి ఎండగా ఉన్న రోజు మధ్యాహ్నం గది తలుపులూ కిటికీలూ మూసి, లైటు ఆర్పి, తలెత్తి చూడండి. పగిలిన పెంకు, జారిన పెంకు ఉన్న చోట వెలుతురు చుక్కలా కనపడుతుంది. అటకమీది సామాను కాస్త జరిపి అక్కడా చూడండి. తరువాత టార్చిలైటు వేసి వాసాల మీద గోధుమరంగు చారలు వెతకండి. చార ఎక్కడ ఆగిందో కాదు, ఎక్కడ మొదలైందో చూడాలి. అక్కడ సుద్దముక్కతో గీత గీసి తేదీ వేయండి. వచ్చే వానకు చార పెరిగితే కారడం ఇంకా సాగుతోందని తెలుస్తుంది. పెరగకపోతే అది పాత మచ్చ, దానికోసం డబ్బు ఖర్చు పెట్టక్కరలేదు.

రెండోది, దూలాల కొసలు. గోడలోకి దూలం దిగే చోట గోనెసంచులు కుట్టే దబ్బనంతో గుచ్చి చూడమని ఇంట్లో మగవారికి గానీ వడ్రంగికి గానీ చెప్పండి. గట్టి కర్రలోకి దబ్బనం మొన కూడా దిగదు. మెత్తగా దిగిపోయిందా, ఆ కొస పుచ్చిందన్న మాట. గోడ మీద మట్టి గొట్టాలలాంటి గీతలు పైకి పాకుతుంటే చెదలు. వాటిని చీపురుతో దులిపేస్తే పోవు. అవి నేలలోంచి వస్తాయి కనుక గొట్టం ఎక్కడ మొదలైందో అక్కడికి మందు చేరాలి. మంచం మీద, నేల మీద సన్నని పిండి రాలుతుంటే అది చెద కాదు, కర్రను లోపలి నుంచి తొలిచే పురుగు. రెంటికీ వైద్యం వేరు. ఏది ఉందో మీరు చెప్పగలిగితే వచ్చినవాడు మిమ్మల్ని తికమక పెట్టలేడు.

మూడోది, బయటి నుంచి. పక్కవారి డాబా మీద నిలబడి మీ ఇంటి కొప్పు చూడండి. తాడు కట్టినట్టు తిన్నగా ఉండాలి. నడుమ కుంగి ఉంటే కింద ఏదో వాసమో దూలమో లొంగిందని అర్థం. ఇప్పుడు అందరి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది కనుక దగ్గరగా ఫోటో తీసి ఉంచుకోండి. ఆరు నెలల తరువాత మళ్ళీ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇక చెట్ల సంగతి. కప్పు కారితే నేరం చెట్టు మీద వేసి కొట్టించే వారున్నారు. పాపం, చెట్టు ఆకులు రాలుస్తుంది, అంతే. వాటిని అక్కడే ఉండనిచ్చేది మనం. వేప శివరాత్రి వేళకు ఆకు రాలుస్తుంది. ఆ ఆకు రెండు వాలులు కలిసే పల్లంలోనూ, మండువా చుట్టూ ఉన్న రేకు దోనెలోనూ చేరుతుంది. తొలకరికి కుళ్ళి పేరుకుని అడ్డుకట్ట అవుతుంది. కిందికి పోవలసిన నీరు నిలిచి, వెనక్కి పొంగి, పెంకు కింద దూరుతుంది. పెంకులు బాగున్నా కారడానికి చాలాసార్లు ఇదే కారణం. ఆకు తీయించడానికి అయ్యేది ఒక పూట కూలి.

కప్పుమీదికి వంగిన కొమ్మలు నరికిస్తే చాలు, చెట్టును మొదలంటా తీయనక్కరలేదు. తీయాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కూడా కావాలి. కొబ్బరి చెట్టు ఇంటికి దగ్గరగా ఉంటే తుఫానుల కాలానికి ముందే దింపు తీయించి ఎండుమట్టలు కూడా కొట్టించండి. ఇంకొక చిన్న శత్రువు రావి మొలక. పక్షి రెట్టలో వచ్చిన గింజ గోడ పగులులో మొలుస్తుంది. రెండాకులప్పుడు, వాన పడి గోడ తడిగా ఉండగా వేరుతో సహా పీకిస్తే సరి. బొటనవేలంత లావయ్యాక లాగితే గోడ కూడా దానితో వస్తుంది. అప్పుడు తాపీమేస్త్రీ అతుకు విప్పి, వేరు తీసి, మళ్ళీ కట్టాలి.

రెండుసార్లు అన్నాను కదూ. మొదటిసారి మృగశిర కార్తెకు ముందు, అంటే మే నెలలో. రెండోసారి దసరాకు ముందు. ఎందుకంటారా? 1977లో దివిసీమ ఉప్పెన నవంబరు 19న. 1996లో కోనసీమ తుఫాను నవంబరు మొదటివారంలో. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినది డిసెంబరు 5న. 2025లో మొంథా నరసాపురం వైపు వచ్చినది అక్టోబరు 28న. మన తీరానికి పెద్ద గాలులు ఎక్కువగా వచ్చేది ఆ మూడు నెలల్లోనే. కొల్లేటి వైపు ఇళ్ళకైతే బయలు నీటి మీదుగా వచ్చే గాలికి అడ్డం ఏదీ ఉండదు.

గాలి కప్పును పై నుంచి నొక్కి పగలగొడుతుందని అనుకుంటాం. నిజానికి అది వాలు మీదుగా దూసుకుపోతూ పెంకులను పైకి పీలుస్తుంది. ముందు లేచేవి చూరు అంచు పెంకులు, మూలల పెంకులు, కొప్పు పెంకులు. ఒక వరస లేచిందా, గాలి లోపల దూరి మిగతా వాటిని కింది నుంచి తోస్తుంది. కనుక అన్ని పెంకులనూ సిమెంటుతో బిగించనక్కరలేదు. అంచులూ మూలలూ కట్టించండి. చాలా మంగుళూరు పెంకులకు అడుగున తీగ దూర్చే చిన్న చిల్లి ఉంటుంది. తుప్పు పట్టని తీగతో రీపరుకు కట్టమనండి. కొప్పు పెంకుల సందులు గట్టిగా ఉన్నాయో లేదో చూడమనండి.

పెంకులు కొనేటప్పుడు ఒక మాట. ఈ పెంకు 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారి కార్ఖానాలో మొదలైంది. తరువాత ఎన్నో కార్ఖానాలు వచ్చాయి, అచ్చులు కొద్దికొద్దిగా మారాయి. మీ ఇంటి పెంకు వెనక ఏ గుర్తు ఉందో చూసి, ఒక పెంకు వెంట తీసుకెళ్ళండి. అచ్చు కలవని పెంకు పక్కదానితో లంకె పడక సందు వదులుతుంది. కుండను కొన్నట్టే వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, బొద్దుగా పలికితే లోపల పగులుంది. పాత ఇల్లు ఎక్కడైనా పడగొడుతుంటే అదే అచ్చు పెంకులు ఓ ముప్ఫై కొని పెరట్లో పేర్చి ఉంచుకోండి.

సున్నపు మిద్దెలు ఉన్నవారు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. కారిందల్లా పైన మరో పొర సిమెంటు పోయించడం అలవాటైపోయింది. సున్నం తడిని పీల్చి ఎండకు వదిలేస్తుంది. సిమెంటు పొర ఆ తడిని లోపలే మూత పెట్టి ఉంచుతుంది. కింద దూలాలు ఉక్కిపోతాయి. బరువు కూడా చూడండి. పదడుగులకు పదడుగుల గది మీద అంగుళం మందాన కాంక్రీటు పోస్తే అయిదు క్వింటాళ్ళకు పైమాటే. అంటే నూరు కిలోల బియ్యపు బస్తాలు అయిదు నడినెత్తిన పెట్టినట్టు! రెండు మూడు సార్లు పోయిస్తే లెక్క మీరే వేసుకోండి. పగుళ్ళు సున్నంతోనే పూడ్పించి, నీరు పోయే వాలు సరిచేయించండి.

కారే చోటు ఎంతకీ దొరకకపోతే ఇలా చేయించండి. ఎండ రోజున పని తెలిసిన మనిషిని పైకి పంపి, చూరు దగ్గర నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెం పైకి జరుగుతూ నీళ్ళు పోయమనండి. మీరు లోపల నిలబడి చూడండి. ఎక్కడ పోసినప్పుడు తడి కనపడిందో నీరు దిగే చోటు అక్కడే. ముందే కొప్పు మీద పోస్తే నీరు కప్పంతా పారి ఏమీ తెలియదు.

పైకెక్కే మనిషి ప్రాణం కూడా మన పూచీయే. పెంకుల మీద నేరుగా కాలు వేయనివ్వకండి. బల్ల చెక్క పరచి దానిమీద నడవాలి, నడుముకు తాడు ఉండాలి. తడి కప్పు ఎక్కవద్దు. కరెంటు తీగ దగ్గరుంటే ఇంటి మెయిన్ ఆపితే చాలదు, కరెంటు ఆఫీసువారికి చెప్పి ఆ లైను ఆపించండి. వసారాకు పాత ఆస్బెస్టాస్ రేకులు ఉంటే వాటి మీద అడుగు వేస్తే చాలు, ఫెళ్ళున విరిగి మనిషి కింద పడతాడు. ఆ రేకులను కోయించడం, పొడిగా ఊడ్వడం కూడా తగదు. ఆ పొడి ఊపిరితిత్తులకు హాని. తీయించక తప్పకపోతే నీళ్ళతో తడిపి, విరగకుండా విప్పించండి. పిల్లలను దూరంగా ఉంచండి. కూలి బేరంలో కొంత భాగం మొదటి వాన చూశాక ఇస్తానని ముందే ఒప్పందం చేసుకోండి. మంచి పనివాడు దీనికి ఒప్పుకుంటాడు.

చివరగా, బాగుచేయడానికి కాక ఖాళీ చేయడానికి గుర్తులు. నిన్నటిదాకా మూసుకున్న తలుపు ఈరోజు పట్టేయడం, గోడలో కొత్త పగులు, పైనుంచి ఇసుకో సున్నమో రాలడం, రాత్రిపూట కర్ర విరుగుతున్న చప్పుడు. నాలుగు రోజులు ముసురు పట్టి పాత మట్టిగోడలు నానినప్పుడు ఇందులో ఏ ఒక్కటి కనపడినా ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి. తెల్లవారాక చూద్దామనవద్దు. ముసలివారినీ పిల్లలనూ ముందు ఇవతలకు తీసుకురండి. సామాను సంగతి తరువాత. వాన తెరిపిచ్చాక ఇంజనీరుకు చూపించండి. దూలాల కొసలు పోయిన కప్పును పెంకులు మార్చి నిలబెట్టలేం.

మే నెలలో ఆవకాయ పెట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం, దసరాకు ఇల్లు దులిపే రోజుల్లో ఒక మధ్యాహ్నం. ఈ రెండు పూటలూ టార్చిలైటూ, సుద్దముక్కా, దబ్బనమూ దగ్గర పెట్టుకుని కప్పు చూసుకోండి. ఈసారి మేస్త్రీ వస్తే గిన్నె పెట్టిన చోటు కాదు, మీరు సుద్దతో గీత గీసిన చోటు చూపించండి.