గాలముల పెట్టె – గ్రామ చెరువు

ఓరుగల్లు సీమ చెరువుల సీమ. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరములు మొదలుకొని పేరులేని చిన్న కుంట వఱకు, నీరు నిలువని గ్రామము ఇచ్చట అరుదు. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో పెక్కు చెరువుల పూడిక తీయబడినది. చేపపిల్లలను ఉచితముగా చెరువులలో విడుచు పథకము 2016లో మొదలైనది. నీరున్న చోట చేప, చేప యున్న చోట గాలము. వలవేసి జీవించు మత్స్యకారుల సామగ్రిని గూర్చి మేము చెప్పవలసినది లేదు. వారే మనకు చెప్పగలరు. గాలము వేయువారి సంగతి వేఱు. బడికి సెలవు దొరకిన పిల్లలు, పొలము పని తీరిన రైతులు, పట్నము నుండి పండుగకు వచ్చిన బంధువులు గాలములను జేబులోనో, రుమాలు కొంగుననో, అగ్గిపెట్టెలోనో పెట్టుకొని గట్టెక్కుదురు. ఇంత చిన్న వస్తువుతో పంచాయతీకి ఏమి పని యని సభ్యులకు తోచవచ్చును. గట్టున జారిపడిన ఒక గాలము మేతతోపాటు బర్రె నాలుకలో దిగిననాడు ఆ పని యేమో తెలియును.

కావున గాలము వేయు ప్రతివాని యొద్దను మూతగల పెట్టె యొకటి ఉండవలెను. అంగళ్లలో అరలు గల ప్లాస్టిక్ పెట్టెలు దొరకును గాని, ఇంటిలో మూలపడిన పాత పోపుల డబ్బా అంతకంటె మేలని మా అభిప్రాయము. ఆవాలకొక గిన్నె, జీలకఱ్ఱకొక గిన్నె అని మన ఆడవారు ఏనాడో చేసిన యేర్పాటే గాలములకును చాలును. ఒక్క నియమము: గాలముల పాలైన డబ్బా మరల వంటయింటికి పోరాదు. కారణము ముందు చెప్పెదము.

గాలములకు అంకెలు గలవు. నార్వే దేశపు ముస్తాద్ సంస్థ 1877 మొదలు యంత్రములతో గాలములు చేయుచున్నది. నేడు మన అంగళ్లలోని పొట్లముల మీదను ఇట్టి అంకెలే కానవచ్చును. క్రొత్తవారు ఇచ్చట పొరబడుదురు. అంకె పెరిగినకొలది గాలము చిన్నదగును. 12వ నంబరు కంటె 6వ నంబరు పెద్దది. 1 దాటిన పిమ్మట 1/0, 2/0 అని వ్రాయుదురు. అవి మరింత పెద్దవి. ఒక్కొక్క అంకెను ఒక్కొక్క గిన్నెలో నుంచినచో వెదకులాట తప్పును, వేలికి గ్రుచ్చుకొనుటయు తప్పును. నీటి నుండి తీసిన గాలమును తడితో పొడివానిలో కలుపరాదు. ఒకదాని తుప్పు అన్నిటికిని అంటును. గుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చేయి రాచి, అరిగిన రబ్బరు చెప్పు ముక్కకు గ్రుచ్చి యుంచుట మంచి పద్ధతి.

పెట్టె సర్దుటకు వస్తువుల వరుస కంటె నీటి లోతు వరుస ఉత్తమము. మన చెరువులలో విడువబడు చేపలలో బొచ్చె పైనీటిలో మేయును. దాని నోరు పైకి తిరిగి యుండును. రోహు నడిమి నీటిది. మృగాల అడుగున మేయును. దాని నోరు క్రిందికి వంగి యుండును. కావున మూడు వెదురు బద్దలు తీసికొని, ఒక్కొక్కదానికి తగిన దారము, బెండు, గుండు, గాలము ముందే కట్టి చుట్టవలెను. పైనీటి దానికి బెండు గాలమునకు దగ్గఱగాను, గుండు తేలికగాను ఉండవలెను. అడుగు దానికి గుండు నేలకు ఆనవలెను. గట్టున కూర్చుండి చిక్కులు విప్పుకొను శ్రమ దీనితో తీరును.

కొఱ్ఱమీనుకు, అనగా మనవైపు కొర్రమట్టకు, నాలుగవ బద్ద వలయును: లావు దారము, గట్టి గాలము. ఇది తెలంగాణ రాష్ట్ర మత్స్యము. గాలి పీల్చుకొనుటకు నీటిపైకి వచ్చుచుండుటచే దీని జాడ సులభముగా దొరకును. వానకాలమున ఎఱ్ఱని చిన్న పిల్లలు గుంపుగా నీటిపై కదలుచుండ, తల్లిదండ్రులు క్రిందనే కావలి కాయును. ఆ గుంపును చూచి గాలము వేయుట పలువురకు వేడుక. తల్లిచేప పోయిన పిదప ఆ పిల్లలను ఇతర చేపలు, పక్షులు స్వాహా చేయును. ఒక్క పూట కూర కొఱకు రాబోవు ఏడాది పంట పోవును. ఆ దినములలో నాలుగవ బద్ద పెట్టెలోనే ఉండవలెనని గ్రామసభలో చెప్పుట సభ్యులకు తగును.

ఇక సీసపు గుండ్లు. వానిని దారమునకు బిగించుటకు పండ్లతో కొఱుకు అలవాటు అంతటను కలదు. సీసము విషము, పిల్లల మెదడుకు మిక్కిలి చేటు. బ్రిటనులో 1987లోనే పెక్కు పరిమాణముల సీసపు గుండ్ల అమ్మకమును నిషేధించిరి. వానిని మ్రింగి హంసలు చచ్చుటయే కారణము. మనకు ఇనుప నట్టు చాలును. సీసమే వాడువారు పట్టకారుతో బిగించి, చేతులు కడిగిన పిదపనే భుజింపవలెను. పోపుల డబ్బా వంటయింటికి పోరాదనుటకు ఇదియే కారణము.

నైలాను దారము, మనవారు తంగూసు అనునది, పూర్వపు నూలు దారమువలె కుళ్లిపోదు. ఎండకు పెళుసెక్కి తెగును గాని, తెగిన ముక్క యేండ్ల తరబడి నిలుచును. కొంగల కాళ్లకును, నీటికాకుల రెక్కలకును చుట్టుకొని వానిని చంపును. కావున దారమును ఎండ తగులని అరలో ఉంచవలెను. తెగిన ముక్కలకు పెట్టెలోనే ఒక చిన్న సీసా ఉండవలెను.

గాలము ఒంటిలో దిగి ముల్లు లోపల చిక్కినచో వెనుకకు లాగరాదు, కండ చీలును. దారము కత్తిరించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. కంటిలో తగిలినచో అసలే తాకరాదు. ధనుర్వాతము తుప్పులో పుట్టదు. మట్టిలో, పేడలో నుండు సూక్ష్మజీవి గాయము ద్వారా చొరబడును. పశువులు తిరుగు గట్టుమీద నిగనిగలాడు క్రొత్త గాలము గ్రుచ్చుకొన్నను టీకా సంగతి వైద్యుని అడుగవలసినదే.

చేపల హక్కు మత్స్య సహకార సంఘమునకు ఇయ్యబడిన చెరువులో సంఘము అనుమతి లేక గాలము వేయుట తగదు. జగడములు ఇచ్చటనే పుట్టుచున్నవి. పెట్టె యెంత చక్కగా సర్దినను అవి తీరవు. మందుగుండుతోను, విషముతోను చేపలు చంపుట చట్టము ప్రకారము నేరము.

పశువులు నీరు త్రాగు రేవునను, బట్టలుదుకు రేవునను గాలము వేయరాదని పంచాయతీ పలక కట్టవచ్చును. తూము దగ్గఱ చెట్టుకు మూతగల డబ్బా వ్రేలాడదీసినచో తెగిన దారము, విరిగిన గాలములు అందు పడును. దానిని ఖాళీ చేయు పనిని పారిశుద్ధ్య సిబ్బందికి ఒప్పగించునపుడు లోపల ముండ్లుండునని ముందే చెప్పి, చేతులకు దళసరి తొడుగులు ఇయ్యవలెను.