కోనసీమ భోక్తల అభిప్రాయ భాష: పూటకూళ్ళ ఇంటి నుండి హోటలు వరకు

వ్యాససంగ్రహం:

బయట డబ్బిచ్చి తిన్న తిండి గురించి తిన్నవారు చెప్పే మాటను సాధారణంగా రుచికి సంబంధించిన విషయంగానే పరిగణిస్తారు. ఆ మాట తెలుగులో ఏ రూపాలలో వెలువడుతుంది, ఆ రూపాలు ఏ సాక్ష్యాన్ని, ఏ మర్యాదను, ఏ సామాజిక భేదాన్ని మోస్తాయి అన్న అంశాలను ఈ వ్యాసం అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల వాడుక ఆధారంగా వివరిస్తుంది. క్రీడాభిరామం, కన్యాశుల్కాలలోని పూటకూళ్ళ ఇళ్ళ ప్రస్తావనలను అందుకు పూర్వరంగంగా గ్రహిస్తుంది.

కీలకపదాలు: కోనసీమ, పూటకూళ్ళ ఇల్లు, భోక్త, అభిప్రాయం, వడ్డన, చేతి రుచి, పులస.

1. ఉపోద్ఘాతం

గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ చీల్చుకుపోయిన డెల్టా భూభాగం కోనసీమ. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత ఇక్కడ వరి, కొబ్బరి, అరటి సాగు స్థిరపడింది. పంట ఉన్నచోట సంత, సంత ఉన్నచోట బయటి ఊరి మనిషి, అతనికి ఒక పూట తిండి అవసరమవుతాయి. వంతెనలు రాని రోజులలో పంటు కోసం ఎదురుచూసే రేవు దగ్గర, తరువాత కోర్టులు, కళాశాలలు, బస్టాండుల దగ్గర భోజనహోటళ్ళు, మెస్సులు, టిఫిను దుకాణాలు, కాకా హోటళ్ళు వెలిశాయి. వాటితోపాటే వాటిని గురించి మాట్లాడుకోవడమూ మొదలైంది. “అమలాపురం వెళ్తున్నారా? భోజనం ఎక్కడ?” అన్న ప్రశ్నకు సమాధానం ఒక్క పేరుతో ముగియదు. ఏ వేళకు వెళ్ళాలో, ఏది అడగాలో, ఏది అడగకూడదో కూడా చెప్పి పంపుతారు.

సాహిత్య విద్యార్థికి ఈ విషయం తక్కువదిగా తోచనక్కరలేదు. రసాన్ని వివరించవలసి వచ్చినప్పుడు భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో వంటనే ఉపమానంగా తీసుకున్నాడు. అనేక వ్యంజనాలతో సంస్కృతమైన అన్నాన్ని సుమనస్కులు ఆస్వాదించినట్లు ప్రేక్షకులు స్థాయిభావాలను ఆస్వాదిస్తారని అతని వివరణ. సహృదయుని గురించి అలంకారికులు చేసిన చర్చ అంతటికీ మొదట్లో విస్తరి ముందు కూర్చున్న మనిషి ఉన్నాడు. అయితే ఆ మనిషి తిన్న తరువాత ఏమన్నాడో భరతునికి అవసరం కాలేదు.

2. రూకకు దొరికిన భోజనం

ఆ మాట తెలుగులో క్రీడాభిరామంలో దొరుకుతుంది. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న ఈ వీథీరూపకాన్ని శ్రీనాథుని రచనగా భావించినవారూ ఉన్నారు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో తిరుగుతూ చూసినవాటిలో పూటకూళ్ళ ఇల్లు ఒకటి. అక్కడి భోజనాన్ని చెప్పే పద్యం ప్రసిద్ధమైనదే. కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు, ఇవన్నీ లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూకకు లభిస్తాయని దాని సారం.

ఈ పద్యాన్ని కాకతీయుల నాటి ఆహారానికి ఆధారంగా తరచు ఉదహరిస్తారు. అభిప్రాయ ప్రకటనగా చదివినప్పుడు మరికొన్ని విషయాలు కనిపిస్తాయి. అందులో బియ్యం రకం పేరుతో ఉంది. నెయ్యి కొత్తగా కాచినదని ఉంది. పంచదార కొలత ఉంది. నంజుల సంఖ్య ఉజ్జాయింపుగా ఉంది. లెక్కపెట్టి రాసినది కాదు, తిన్నవాడు గుర్తుచేసుకొని చెప్పినట్లున్నది. చివరకు ఎవరి ఇల్లో, వెల ఎంతో ఉన్నాయి. “బాగుంది” అన్న మాట మాత్రం ఎక్కడా అవసరపడలేదు. ఈనాటికీ నమ్మదగిన సిఫారసు ఇలాగే ఉంటుంది. ఒక హోటలు గొప్పదని చెప్పేవాని కంటే, అక్కడ పప్పులో నెయ్యి అడగకుండానే వేస్తారని చెప్పేవాని మాటను జనం ఎక్కువగా వింటారు.

మరొకటి కూడా గమనింపదగింది. ఇల్లు లక్ష్మణవజ్ఝలది. వండినది ఎవరో పద్యంలో లేదు.

3. పేరు లేని పూటకూళ్ళమ్మ

‘పూటకూడు’ అంటే ఒక పూటకు వెలకట్టి పెట్టే తిండి. ఆ కూటిని అమ్మి బతికే స్త్రీ పూటకూళ్ళమ్మ. గురజాడ కన్యాశుల్కంలో (మొదటి కూర్పు 1897, రెండవ కూర్పు 1909) ఈమె ముఖ్యమైన పాత్రలలో ఒకరు. గిరీశం ఆమె ఇంట తిన్నాడు, ఆమె డబ్బు వాడుకున్నాడు, మధురవాణి ఇంట ఆమె చీపురుకట్టకు జడిసి మంచం కింద దూరాడు. నాటకం మొత్తంలో ఆమెకు వృత్తివాచకమే గాని సొంత పేరు లేదు.

ఆమె వంట ఎలా ఉంటుందో ఎవరూ చర్చించరు. ఆమె నడవడి గురించి మాత్రం మాట్లాడతారు. వితంతువుకు గౌరవంగా సాధ్యమైన కొద్ది జీవనోపాధులలో ఒకటి పూటకూళ్ళు పెట్టడం. గడప దాటి పరాయి మగవారు లోపలికి రావడమే ఆ వృత్తికి ఆధారం, అదే ఆమెపై అపవాదుకూ ఆధారం. తిండి గురించి చెప్పవలసిన అభిప్రాయం వండిన మనిషి మీదికి మళ్ళడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. స్త్రీలు నడిపే చిన్న మెస్సుల గురించిన మాటలలో ఈ ధోరణి నేటికీ పూర్తిగా పోలేదు. పది విస్తళ్ళు లేస్తే గాని ఆ పూట గ్యాసు ఖర్చు రాని చోట, రుచికి సంబంధం లేని ఒక్క మాట ఆ పది విస్తళ్ళనూ ఆపగలదు.

4. ‘బాగుంది’ – ‘బాగుండేది’

కోనసీమ మాటతీరులో మర్యాద పాలు ఎక్కువని అందరూ అంటారు. ‘ఆయ్’, ‘అండి’ లేకుండా వాక్యం పూర్తికాదు. ఇంత మర్యాదగల వ్యవహారంలో ప్రతికూలాభిప్రాయం ఎక్కడ దాగుతుంది? చాలావరకు క్రియారూపంలో దాగుతుంది.

“అక్కడ పెసరట్టు బాగుంది” అన్నవాడు ఇటీవల తిన్నాడు. ఆ ఒక్కపూటకే హామీ ఇస్తున్నాడు. “బాగుంటుంది” అన్నవాడు అనేకసార్లు తిన్నాడు. తద్ధర్మరూపం అతని అలవాటును సాక్ష్యంగా నిలబెడుతుంది. “బాగుంటుందట” అన్నవాడు తినలేదు. ‘అట’ అన్న ఒక్క ప్రత్యయంతో మాట తనది కాదని ముందే తప్పుకుంటాడు. రేపు వెళ్ళినవాడికి నచ్చకపోతే నింద అతనిమీదికి రాదు. ఇక “బాగుండేది” అన్న రూపం. ఇందులో నిందావాచకం ఒక్కటీ లేదు. పాతరోజులను మెచ్చుకోవడమే ఉంది. అయినా కోనసీమలో ఒక హోటలు గురించి చెప్పగల కఠినమైన మాట బహుశా ఇదే. విన్నవాడు “ఏం, చెయ్యి మారిందా?” అని అడుగుతాడు. అంటే వంటమనిషి మారాడా అని. యజమాని మారినా, బల్లలు మారినా, బోర్డు మారినా ఇంత గట్టి ప్రశ్న పుట్టదు.

‘ఏ’కారపు పని మరీ విచిత్రమైనది. అవధారణార్థకంగా అర్థాన్ని బలపరచవలసిన ప్రత్యయం ఇక్కడ మెప్పును తగ్గిస్తుంది. “బాగుంది” కన్న “బాగానే ఉంది” తక్కువ. “బాగానే ఉందండి” ఇంకా తక్కువ. గౌరవం పెరిగినకొద్దీ మెప్పు దిగిపోతుంది. “ఆకలిమీద బాగానే ఉంటుంది” అన్న తరువాత చెప్పడానికి మరేమీ మిగలదు. ఊనికను బట్టి అర్థం మారే ఇటువంటి ప్రయోగాలను వ్యాకరణాలు ఉదాహరణలతో వివరించవలసి ఉంది. హోటళ్ళ మాటలు అందుకు చక్కని సామగ్రి.

దోషాలను చెప్పే పదాలు మాత్రం సూటిగా, చాలావరకు దేశ్యాలుగా ఉంటాయి. అన్నం పలుకుగా ఉంది, కూర చప్పిడిగా ఉంది, పులుసు ఉప్పుకషాయం, చేప నీచువాసన, వేపుడు నూనె ఓడుతోంది, చారు నీళ్ళు. ప్రతి పదమూ వంటలో ఏ అడుగు తప్పిందో చెబుతుంది. పలుకు అన్నవాడు ఎసరు దగ్గర, నీచు అన్నవాడు చేపను కడగడం దగ్గర తప్పు పట్టాడు. వీటి పక్కన ‘క్వాలిటీ లేదు’, ‘టేస్ట్ తగ్గింది’ వంటి నేటి మాటలను ఉంచితే, అవి అసంతృప్తిని తెలుపుతాయే గాని వంటవానికి ఏమీ నేర్పవు.

5. ఊరి పేరే యోగ్యతాపత్రం

అంబాజీపేట పొట్టిక్కలు, ఆత్రేయపురం పూతరేకులు. ఇటువంటి పదబంధాలలో ఊరి పేరు విశేషణంగా నిలిచి, తరతరాల భోక్తల అభిప్రాయాన్ని ఒక్క మాటలో నిక్షేపిస్తుంది. పనసాకుల బుట్టలో ఇడ్లీపిండి పోసి ఆవిరిపై ఉడికించే పొట్టిక్క ఇతర ఊళ్ళలోనూ దొరుకుతుంది. కాని “అంబాజీపేటవాటిలా లేవు” అన్న పోలిక తప్పదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. తిన్నవారి నోటి మాట చట్టబద్ధం కావడానికి అంతకాలం పట్టింది. బోర్లించిన కుండపై పిండినీటిని పొరగా తీసే ఆ పని ఎక్కువగా స్త్రీలదే. ఇక్కడా ఊరికి పేరు వచ్చింది.

6. పులస: నోరే పరీక్షాసాధనం

అభిప్రాయానికి నిజమైన పరీక్ష పులస. సముద్రంలో విలసగా పిలిచే చేప వరదనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస అవుతుంది. “పుస్తెలమ్మి అయినా పులస తినాలి” అన్న సామెతను బట్టి దాని ఖరీదును ఊహించవచ్చు. వర్షాకాలంలో కొద్దినెలలే దొరికే ఈ చేపకు రాజోలు ప్రాంతంలో, దిండి వంటి పర్యాటక స్థలాలలో గిరాకీ ఎక్కువ. ఇతర రాష్ట్రాలనుండి వచ్చే అదే జాతి చేపను పులసగా అమ్మడమూ అందరికీ తెలిసిందే.

జాతి ఒకటే, భేదం నీటిది. పులుసులో పడిన తరువాత రెంటినీ వేరుచేసేది తిన్నవాని నాలుకే. కనుక పులస గురించి మాట్లాడేవాడు రుచి మాత్రమే చెప్పి ఊరుకోడు, తన అర్హతనూ చెప్పుకుంటాడు. మట్టిదాకలో కట్టెల మంటపై వండారా, బెండకాయలు వేశారా, ముందురోజు వండి మర్నాడు వడ్డించారా అని ఆరా తీస్తాడు. వేలు పోసి తిన్నవాడు “అది పులస కాదు” అన్న మాటను ఒప్పుకోవడం కష్టం. డబ్బుతోపాటు పరువు కూడా పోతుంది. అందుకే ఈ ఒక్క వంటకం విషయంలో కోనసీమ మర్యాద సడలి వాదులాట వినిపిస్తుంది. కొందరు మోసపోయి కూడా బాగుందనే చెబుతారు. హోటళ్ళకు ఆ సంగతి తెలియదనుకోవడం అమాయకత్వం.

ఫ్రాన్సులో టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో మోటారు ప్రయాణికుల కోసం ఒక మార్గదర్శిని ప్రచురించి, 1926 నుండి భోజనశాలలకు నక్షత్రాలు ఇవ్వసాగింది. దాని పరిశీలకుడు అజ్ఞాతంగా ఉండాలి. అతను ఎవరో తెలియకపోవడమే తీర్పుకు విశ్వసనీయత. కోనసీమలో ఇందుకు విపర్యయం. చెప్పినవాడు ఎవరో, ఏ ఊరివాడో, వారింట తిండి ఎటువంటిదో తెలిస్తే గాని మాటకు విలువ రాదు. “వాళ్ళింట్లో పనసపొట్టు కూర తిన్నారా? ఆయన బాగుందంటే బాగుందే” అన్న వాక్యంలో ప్రమాణం హోటలు కాదు, ఇల్లు.

7. పంక్తి, వడ్డన, శుచి

ఇల్లు ప్రమాణమైనప్పుడు ఆ ఇంటిలోని భేదాలూ ప్రమాణాలవుతాయి. వడ్డన గురించిన మాటలు ఈ సంగతిని బయటపెడతాయి. కొసరి కొసరి వడ్డిస్తారు, అడిగితే గాని వెయ్యరు, మొహం చూసి వడ్డిస్తారు. ఇవన్నీ విందు పంక్తి నుండి వచ్చిన మాటలు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదన్న సామెత పంక్తిలోని పక్షపాతాన్ని సహజంగా ఒప్పుకుంటుంది. వెలకట్టి తినే చోట ఈ సామెత చెల్లకూడదు. ఇచ్చిన డబ్బు అందరిదీ ఒకటే.

ఆచరణ అలా సాగలేదు. హోటలు బోర్డులపై కులనామం ఒకప్పుడు శుచికి హామీగా నిలిచింది. ‘శుచిగా ఉంటుంది’ అన్న మెప్పులో పాత్రల శుభ్రత ఎంతో, వండినవారి, పక్కన కూర్చున్నవారి పుట్టుక ఎంతో విడదీయడం కష్టం. కొందరికి వేరు గ్లాసు, వేరు చోటు కేటాయించిన రెండు గ్లాసుల పద్ధతి తెలుగు పల్లెల టీ దుకాణాలలో సాగిన వాస్తవం. రాజ్యాంగం 15వ అధికరణ రెండవ ఖండం హోటళ్ళు, ఫలహారశాలలలో ప్రవేశానికి కుల మతాది వివక్షను నిషేధించింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం దానిని శిక్షార్హం చేసింది. ప్రవేశం హక్కైన తరువాత కూడా అభిప్రాయం చెప్పే చనువు వెంటనే రాలేదు. సర్వరును పిలిచి “కూర పాచిపోయింది, మార్చండి” అనడానికి జేబులో డబ్బొక్కటే సరిపోదు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడంపై అదే ఏడాది మే 24న అక్కడ హింస చెలరేగిందని గుర్తుంచుకుంటే, ఈ ప్రాంతంలో సమాన పంక్తి గురించిన చర్చ గతకాలపు ముచ్చట కాదని తెలుస్తుంది.

‘కోనసీమ రుచులు’ అన్న పేరుతో ప్రచారం పొందే పట్టికలో కూడా ఈ ఎంపిక ఉంది. పనసపొట్టు, కందబచ్చలి, పూతరేకులు, పులస అందులో తప్పక ఉంటాయి. కూలిపనికి వెళ్ళేవారు తెల్లవారుజామున తినే చద్దన్నం, కాలువ చేపల పులుసు, ఎండుచేపల కూర అరుదుగా చేరుతాయి. వంశీ ‘మా పసలపూడి కథలు’ గౌతమికి ఆవలి ఒడ్డు ఊళ్ళ తిండిని పేరుపేరునా నమోదు చేసి ఈ రుచులకు పాఠకలోకంలో ప్రచారం తెచ్చాయి. తిండి ప్రస్తావనల దృష్టితో ఆ కథలను దళిత రచయితల ఆత్మకథనాత్మక రచనలతో పోల్చి చదవడం పరిశోధకులకు ప్రయోజనకరమైన పని.

ఇప్పుడు ఊరూరా కనిపించే బోర్డులలో ‘అమ్మ చేతి వంట’ ఒకటి. రుచికి మూలం చెయ్యి అన్న పాత నమ్మకమే అక్కడ అక్షరాలలోకి ఎక్కింది. ఆ బోర్డు వెనుక వంటగదిలో ఉన్నది చాలాచోట్ల రోజుకూలికి కుదిరిన స్త్రీ. భోజనం చేసి బయటికి వచ్చినవారు చెయ్యి కడుక్కుంటూ గల్లాపెట్టె దగ్గరున్న యజమానితో “చాలా బాగుందండి” అంటారు. ఆ మాట లోపలిదాకా వినిపించదు.